టెక్ సందేహాలు: ఫైలు ఎంచుకున్నాను, మరి తెరుచుకోదేం?

ప్రశ్న: వర్డ్‌లో ఒక మాక్రో (పనులు వాటంతటవే జరిగేలా చేసే చిన్న ప్రోగ్రామ్) రాసుకున్నాను. అది ఫైలు ఎంచుకోమని డైలాగ్ బాక్స్ చూపిస్తుంది. ఎంచుకుని ఓకే నొక్కితే బాక్స్ మూసుకుపోతుంది, ఫైలు మాత్రం తెరుచుకోదు. క్యాన్సెల్ నొక్కితే ఎర్రర్ వస్తోంది. పైగా మాక్రో నడిపిన ప్రతిసారీ ఫైలు రకాల జాబితా పెరిగిపోతోంది. ఎక్కడ తప్పు చేశాను?

జవాబు: మీ కోడ్‌లో వాడినది ‘ఫైల్ పికర్’. దాని పని ఫైలును తెరవడం కాదు. మీరు ఎంచుకున్న ఫైలు ఏ ఫోల్డర్‌లో ఏ పేరుతో ఉందో ఆ పాత్‌ను మాక్రోకు అందించడంతో దాని బాధ్యత తీరిపోతుంది. ఆ పాత్‌ను ‘డాక్యుమెంట్స్.ఓపెన్’కు ఇచ్చే లైను మీరే రాయాలి. పికర్‌కు బదులు ‘ఫైల్ డైలాగ్ ఓపెన్’ రకం వాడినా బాక్స్‌ను చూపించే ‘షో’ ఒక్కటే సరిపోదు, దాని తర్వాత ఫైలును తెరిచే ‘ఎగ్జిక్యూట్’ కూడా ఉండాలి.

ఇక క్యాన్సెల్ సంగతి. ఓకే నొక్కితే ‘షో’ -1 ఇస్తుంది, క్యాన్సెల్ నొక్కితే 0 ఇస్తుంది. మీరు ఆ విలువను చూడకుండానే ఎంచుకున్న ఫైళ్ల జాబితా అయిన ‘సెలెక్టెడ్ ఐటమ్స్’లో మొదటి ఫైలు అడుగుతున్నారు. క్యాన్సెల్ చేసినప్పుడు ఆ జాబితా ఖాళీగా ఉంటుంది కాబట్టి ఎర్రర్ తప్పదు. విలువ -1 అయితేనే ముందుకు వెళ్లేలా ‘ఇఫ్’ పెట్టండి. ఆ జాబితా లెక్క 0 నుంచి కాదు, 1 నుంచి మొదలవుతుందని కూడా గుర్తుంచుకోండి.

ఫైలు రకాల జాబితా పెరగడానికి కారణం వేరు. వర్డ్ మూసేదాకా ఒక్కో రకం డైలాగ్ ఒక్కటే ఉంటుంది. నిన్నటి మాక్రో చేర్చిన ఫిల్టర్లు (ఆ జాబితాలోని ఫైలు రకాలు), వర్డ్‌ను మూయకపోతే, ఇవాళ కూడా అందులోనే ఉంటాయి. ‘ఫిల్టర్స్.యాడ్’కు ముందు ‘ఫిల్టర్స్.క్లియర్’ రాస్తే సరిపోతుంది. అయితే ‘సేవ్ యాజ్’ రకం డైలాగ్‌కు ఇదే లైను రాస్తే ఎర్రర్ వస్తుంది, అక్కడ ఫిల్టర్లను మార్చే వీలు లేదు. డైలాగ్ మొదట ఏది చూపాలో చెప్పే ‘ఇనీషియల్ ఫైల్ నేమ్’కు ఫోల్డర్ ఇస్తే చివర బ్యాక్‌స్లాష్ తప్పక ఉండాలి. లేకపోతే ఆ ఫోల్డర్ పేరునే ఫైలు పేరనుకుంటుంది.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. ఎర్రర్ పోతుంది కదా అని, తప్పు జరిగినా ఆగకుండా తర్వాతి లైనుకు వెళ్లమనే ‘ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్’ను మీ కోడ్ మొదట్లో పెట్టకండి. అది తప్పును సరిచేయదు, మీకు కనిపించకుండా కప్పేస్తుంది.

ప్రశ్న: ఎక్సెల్‌లో చక్కగా పనిచేసే ‘గెట్ ఓపెన్ ఫైల్ నేమ్’ వర్డ్‌లో పనిచేయడం లేదు.

జవాబు: అది ఎక్సెల్‌కే ఉన్న సదుపాయం. వర్డ్‌లో పైన చెప్పిన ఫైల్ పికర్ వాడండి.

ప్రశ్న: నా ఫైళ్ల పేర్లన్నీ తెలుగులోనే ఉంటాయి. డైలాగ్ బాక్స్‌లో బాగానే కనిపిస్తాయి. ఎంచుకున్నాక మెసేజ్ బాక్స్‌లో పేరు చూస్తే అన్నీ ప్రశ్నార్థకాలే. ‘డిర్’తో వెతికితే ఫైలు లేదంటోంది.

జవాబు: ఈ ఉత్తరం చూసి సంతోషం కలిగింది. ఫైళ్లకు తెలుగు పేర్లు పెట్టుకోవడం మానకండి. పికర్ ఇచ్చిన పాత్ యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకూ చోటున్న పద్ధతిలో) చెక్కుచెదరకుండానే ఉంది. దాన్ని ‘డాక్యుమెంట్స్.ఓపెన్’కు ఇచ్చి చూడండి, ఫైలు తెరుచుకుంటుంది. చిక్కంతా మాక్రోలు రాసే భాష వీబీఏలోని పాత ఆదేశాలది. మెసేజ్ బాక్స్, ‘డిర్’, ‘కిల్’, ‘ఫైల్ కాపీ’ పేరును విండోస్ పాత కోడ్ పేజీలోకి (కొన్ని భాషల అక్షరాలకే చోటున్న పట్టికలోకి) మార్చుకుంటాయి. తెలుగుకు అలాంటి కోడ్ పేజీయే లేదు. అందుకే ‘అద్దె పత్రం’ అన్న పేరులో ఒక్కో గుర్తుకూ ఒక్కో ప్రశ్నార్థకం వచ్చి కూర్చుంటుంది.

ఇందులో ఒక ప్రమాదం కూడా ఉంది. ‘డిర్’ దృష్టిలో ప్రశ్నార్థకం అంటే ‘ఏ అక్షరమైనా సరే’ అని అర్థం. కాబట్టి మీరడిగిన ఫైలు లేకపోయినా, పొడవు సరిపోయే మరో పేరు తగిలితే ఫైలు ఉందనవచ్చు. ఆ మాట నమ్మి మాక్రో ముందుకు సాగితే నష్టం మీదే. ఫైలు ఉందో లేదో చూడటానికి ‘ఫైల్ సిస్టమ్ ఆబ్జెక్ట్’లోని ‘ఫైల్ ఎగ్జిస్ట్స్’ వాడండి. కాపీకి, తొలగించడానికి కూడా అందులోని ఆదేశాలే తీసుకోండి. పేరు సరిగా వచ్చిందో లేదో కంటితో చూసుకోవాలంటే మెసేజ్ బాక్స్ వద్దు. ఖాళీ డాక్యుమెంట్ తెరిచి ‘సెలెక్షన్.టైప్ టెక్స్ట్’తో అందులో రాయించండి, వత్తులతో సహా కనిపిస్తుంది.