గొట్టంతో ఇంటికి పంపే ముందు

పర్లాకిమిడి

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

బరంపురంలో వార్డు డ్యూటీ మొదలైన వారంలోనే ఇద్దరు రోగులను ఆహారం పోసే గొట్టంతో ఇంటికి పంపావని రాశావు. నేనూ అలాగే పంపేదాన్ని. ఒకసారి పోసి చూపించి "అర్థమైందా?" అంటే అందరూ తల ఊపేవారు. ఆ ఊపును నమ్మకు తల్లీ.

మీ మామయ్యకు పక్షవాతం వచ్చి మింగుడు పడని ఏడు నెలలూ గొట్టంలో పోసింది నేనే. వార్డులో గొట్టం మూసుకుపోతే మార్చేవాళ్లం. ఇంట్లో రాత్రి పదకొండింటికి మూసుకుపోయింది. తప్పు నాదే, రాగిజావ వడకట్టలేదు. తెల్లవారేదాకా ఆయన నోరు తడి చేస్తూ కూర్చున్నాను.

అందుకే ఇంటివాళ్ల చేత నీ కళ్లముందే రెండు మూడు సార్లు పోయించు. పోసే ముందు ముక్కు దగ్గర గొట్టం మీద పెట్టిన గుర్తు జరగలేదని చూడాలి. జరిగినా, దగ్గు వచ్చినా, ఆయాసపడినా చుక్క కూడా పోయకూడదు. తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తులో ఉండాలి, పోశాక కనీసం అరగంట పడుకోబెట్టకూడదు. ముందూ వెనకా 30 మిల్లీలీటర్ల నీళ్లు. నెమ్మదిగా పనిచేసేలా తయారుచేసిన మాత్రలను నూరకూడదు, బదులుగా ఏదైనా ద్రవరూపంలో దొరుకుతుందేమో డాక్టరును అడుగు. నోటితో తినడం లేదు కదా అని నోరు శుభ్రం చేయడం మానేస్తారు, అదొకటి గట్టిగా చెప్పు. నువ్విచ్చే కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. మనవైపు ఇళ్లలో ఒకరు తెలుగు చదివితే ఒకరు ఒడియా చదువుతారు. ఒక అట్టముక్క మీద రెండు భాషల్లోనూ రాయించి, మంచం పక్కన తగిలించమను.

డాక్టరు బరువు చూస్తారు, ఆహార నిపుణురాలు క్యాలరీలు లెక్కిస్తారు. తెల్లవారుజామున లేచి పోసేదెవరో ఎవరి కాగితంలోనూ ఉండదు. అది అడగవలసింది నువ్వే. ముక్కు గొట్టం నాలుగు నుంచి ఆరు వారాలు దాటేలా ఉంటే, నేరుగా కడుపులోకి వేసే పొట్ట గొట్టం సంగతి డాక్టరు చేత చెప్పించు. కడుపు కోస్తారని జనం భయపడతారు. ఎండోస్కోపీతో, అంటే నోట్లోంచి కెమెరా పంపి చూస్తూ, చిన్న రంధ్రం చేసే ఈ పద్ధతి 1980 ప్రాంతం నుంచీ ఉన్నదే.

మతిమరుపు బాగా ముదిరిన ముసలివాళ్ల సంగతి వేరు. వాళ్లకు గొట్టం బదులు ఓపికగా చేత్తో తినిపించడమే మేలని అమెరికా వృద్ధ వైద్య సంఘం 2014లోనే చెప్పింది. గొట్టం వేసినంత మాత్రాన ఆయుష్షు పెరగదు, ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ తప్పదు. కానీ "తిండి పెట్టకుండా చంపారు" అన్న మాటకు కొడుకులు వణికిపోతారు. వాళ్లతో వాదించకు. మెత్తగా కలిపిన పెరుగన్నం రెండు చెంచాలు పెట్టినా అది తిండేనని చెప్పు.

నీ రెండో రోగిది గుమ్మా వైపు ఊరన్నావు, వేసింది పొట్ట గొట్టమే కదా. అది ఊడితే కొన్ని గంటల్లోనే రంధ్రం పూడుకుపోవచ్చు. ఆసుపత్రికి రావడానికి ఆ ఊరి నుంచి మొదటి బస్సు ఎన్నింటికో ఇవాళే ఫోను చేసి కనుక్కో.

మీ అత్తయ్య