ఓడలో జబ్బుపడితే బిల్లు ఎవరు కడతారు?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. హ్యూస్టన్ వచ్చి ఇంకా ఏడాది కాలేదు. డిసెంబరులో అమ్మానాన్నలు వస్తున్నారు. గాల్వెస్టన్‌లో ఎక్కి మెక్సికో వెళ్లొచ్చే క్రూజ్‌కి టిక్కెట్లు తీశాను. ఓడల్లో వాంతులు, విరేచనాలు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయని, జబ్బుచేస్తే గదిలోంచి బయటికి రానివ్వరని స్నేహితులు భయపెడుతున్నారు. నాన్నకి షుగరు, అమ్మకి బీపీ. రద్దు చేసుకోమంటారా?

జవాబు: రద్దెందుకు బాబూ, నిక్షేపంగా తీసుకెళ్లు. కాకపోతే ఇంత ప్రశ్నలో జబ్బు గురించి అడిగావు, గది గురించి అడిగావు, డబ్బు ఊసే లేదు. నువ్వింకా కొత్తవాడివని అక్కడే తెలిసిపోయింది. ఆ వాంతులకి మామూలుగా కారణం నోరోవైరస్. సోకిన 12 నుంచి 48 గంటల్లో బయటపడుతుంది, చాలామందికి మూడు రోజుల్లోపు దానంతటదే తగ్గిపోతుంది. బిల్లు అలా కాదు, వెంట ఇంటికొస్తుంది.

నేనిప్పుడు వైజాగ్‌లోనే, ఎంవీపీ కాలనీలో మా అక్కయ్యగారింట్లో ఉన్నాను. పొద్దున్నే బీచ్ రోడ్డులో నడకకి వెళితే అమెరికాలో పిల్లలున్న పెద్దవాళ్లే ఎదురవుతారు. ఈ మధ్య అందరిదీ ఒకటే మాట, "మావాడు ఓడ టిక్కెట్లు తీసేశాడండీ". 2022లో కార్డీలియా ఓడ ఇక్కడికి వచ్చి వెళ్లాక, పోర్టువాళ్లు క్రూజ్ టెర్మినల్ కూడా కట్టాక ఈ మోజు మరీ పెరిగింది. పుట్టినప్పట్నుంచీ లంగరేసిన ఓడల్ని చూస్తున్నవాళ్లం, ఓడంటే మనకేటి భయం అంటారు. నిజమే. ఓడలో సెలైన్ బాటిల్‌కి ఎంతవుతుందో వాళ్లకి చెప్పినవాళ్లు లేరు మరి.

నాకు తెలిసింది అనుభవం మీదే. అమెరికా వెళ్లిన కొత్తలో నేనూ నీలాగే అత్తామామల్ని ఓడెక్కించాను. మామగారు స్టీల్‌ప్లాంటు ఎకౌంట్స్‌లో రిటైరైన మనిషి, పైసా పైసాకి లెక్క. టిక్కెట్టు తీసేటప్పుడు ప్రయాణ బీమా కావాలా అని అడిగారు. విజిటర్ ఇన్సూరెన్సు, అదే చూడ్డానికొచ్చే పెద్దవాళ్లకి తీసే ఆరోగ్య బీమా, ఎలాగూ తీశాం, మళ్లీ ఇదొక దండగా అని వద్దన్నాను. ఆ విజిటర్ ఇన్సూరెన్సు కూడా అన్నిట్లోకీ చవకైనది ఏరి తీసిందే. డాక్టరు దగ్గరికి ఒకసారి వెళితే ఇంత అని లెక్కకట్టి ఇస్తుంది, మిగతాది మన జేబులోంచే. పైగా అది అమెరికా నేల మీదే పనిచేస్తుందని ఓడ దిగాక గానీ చదవలేదు.

ఎక్కే ముందు కాగితం ఇచ్చారు. ఈమధ్య వాంతులు, విరేచనాలు అయ్యాయా అని. అత్తగారు పొద్దున్నుంచీ కడుపులో బాగోలేదంటూనే ఉన్నారు. వేడి చేసుంటుందిలే అని మా ఆవిడ అన్నిటికీ "లేదు" అని గీత పెట్టేసింది. మర్నాటికి అత్తగారు మంచమెక్కారు, ఆ రాత్రికి మామగారు. ఓడ డాక్టరు దగ్గరికి వెళితే దించేస్తారేమోనని సంచిలో ఉన్న మాత్రలే వేశాం. మామగారికి షుగరు. నాలిక పిడచకట్టుకుపోయి మాట ముద్దగా వస్తుంటే అప్పుడు చక్రాల కుర్చీలో కిందికి తీసుకెళ్లాం. రక్తపరీక్ష, ఈసీజీ, సెలైన్. ముందురోజే వెళ్లుంటే ఒక ఇంజెక్షన్‌తో పోయేది.

అక్కడ డబ్బు అడగరు బాబూ, అదే మాయ. గది తాళానికీ కూల్‌డ్రింకుకీ వాడే కార్డే అక్కడా గీస్తారు. అది మన క్రెడిట్ కార్డుకి కట్టేసి ఉంటుంది.

ఆ తర్వాత ఇద్దర్నీ గదిలోనే ఉండమన్నారు. కిటికీ లేని గది, చవగ్గా వచ్చిందని నేనే తీసింది. మాస్కు, చేతికి తొడుగులు వేసుకున్న కుర్రాడొకడు ట్రే తెచ్చి గుమ్మం దగ్గర నేలమీద పెట్టి, తలుపు కొట్టి వెళ్లిపోయేవాడు. ఎండు రొట్టెముక్క, అరటిపండు, ఉప్పులేని సూపు. అత్తగారు గంజి అడిగితే ఆ పిల్లాడికి అర్థమయ్యేలా చెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. మామగారికి మాత్రం టీవీలో కాలక్షేపం దొరికింది. ఆ ఓడలో మన ఖాతా టీవీలోనే చూసుకోవచ్చు. పొద్దున్న లేవగానే అది పెట్టి, డైరీ వెనక పేజీలో ఒక్కో పద్దూ రాసి, పక్కన రూపాయల్లోకి మార్చి, కింద గీత కొట్టి కూడేవారు. కూడాక బీపీ చూసుకునేవారు. రెండూ పెరిగేవి.

ఇది చాలదన్నట్టు ఫోను. మా తోడల్లుడు ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివిన డాక్టరు, మహారాణిపేటలో ప్రాక్టీసు. ఓడ డాక్టరు రాసింది సరైందో కాదో ఆయన్ని అడిగితేగానీ అత్తగారికి మనశ్శాంతి లేదు. సముద్రం మధ్యలో ఫోను ఎంచక్కా కలిసింది, ఆయన తీరిగ్గా అరగంట మాట్లాడాడు, చివర్న ఓడ డాక్టరు ఇచ్చిందే వాడమన్నాడు. ఒడ్డు దాటాక ఫోను పట్టుకునేది ఓడ సొంత శాటిలైట్ సిగ్నలు, నిమిషానికి డాలర్లలో ఉంటుంది. ఆ నెల ఫోను బిల్లు ఓడ డాక్టరు ఫీజుని మించింది. ఎక్కగానే అందరి ఫోన్లూ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టించు, మీ నాన్నగారిది మరీ ముఖ్యంగా.

అయినా నేను ఊరుకునే రకం కాదు. దిగే ముందే మెడికల్ సెంటర్‌కి వెళ్లి, ఏ మందుకెంతో విడివిడిగా రాసిన బిల్లు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా గదిలో ఉంచారో చెప్పే డాక్టరు ఉత్తరం, రెండూ సంతకంతో తీసుకున్నాను. వాటిని పట్టుకుని కంపెనీతో నెలల తరబడి పోట్లాడితే గదిలో మగ్గిన రోజులకి కొంత విలువ కట్టి ఇచ్చారు. నగదు కాదు, మళ్లీ వాళ్ల ఓడే ఎక్కితే తగ్గించే కాగితం. ఎక్కాను కూడా. నాతో వచ్చినవాళ్లలో ఎందరికి ఆ కాగితం దక్కిందో మరి, ఇప్పటి పిల్లలకి అంత ఓపిక ఉండదు.

2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యొకొహామాలో ఆపేసిన డైమండ్ ప్రిన్సెస్ గుర్తుందా? 3,711 మంది ఉన్న ఓడ, ఏడొందల మందికి పైగా కరోనా. మనవాళ్లే 138 మంది, ఎక్కువమంది అందులో పనిచేసేవాళ్లు. ప్రయాణికులకి టిక్కెట్టు డబ్బు మొత్తం వెనక్కిస్తామని ఆ కంపెనీ ప్రకటించింది. లోకమంతా కళ్లప్పగించి చూస్తోంది మరి, ఇవ్వక చస్తుందా. నీ గదిలో ఇద్దరికి వాంతులైతే ఏ టీవీ వాడూ రాడు.

కాబట్టి నీ పని ఇన్సూరెన్సుతో మొదలు. ఇండియాలో తీసే విదేశీ ప్రయాణ పాలసీ అయితే వాళ్లు విమానం ఎక్కకముందే తీయాలి. అక్కడ తీసే విజిటర్ పాలసీ అయితే మూడు సంగతులు మెయిల్లో రాయించుకో, ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు. ఓడలోనూ మెక్సికోలోనూ వర్తిస్తుందా. పాత షుగరు, బీపీ ఒక్కసారిగా ముదిరితే ఇస్తారా, ఇస్తే ఏ వయసు దాకా, ఎంత దాకా. హెలికాప్టర్లోనో అంబులెన్సు విమానంలోనో ఒడ్డుకి చేర్చాల్సొస్తే ఎవరు కడతారు. ఆ చివరిది పదుల వేల డాలర్ల మాట, ఇల్లు తాకట్టే. నీకు ఆఫీసువాళ్లిచ్చే ఇన్సూరెన్సు కూడా ఓడమీద పనిచేస్తుందో లేదో చూసుకో, నీకేం కాదని రాసిపెట్టలేదుగా.

కొన్ని కంపెనీలు వాంతులు, విరేచనాల వైద్యానికి డబ్బు తీసుకోవు. ముందే కనుక్కో. అలాంటి చోట మొదటి వాంతికే కిందికి తీసుకెళ్లు, దాచకు. అన్నట్టు, గోడకి తగిలించిన శానిటైజర్‌ని నమ్మకు, ఈ వైరస్‌కి అది సరిగా పనిచేయదు. సబ్బుతో, నీళ్లతో కడగాల్సిందే. మెక్సికో వెళ్లి మళ్లీ అమెరికాలోకి రావాలిగా, వీసా స్టాంపు, ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు ఉండే నమోదు) సంగతి మీ ఆఫీసు లాయర్నడుగు, మెక్సికో నియమాలు వాళ్ల కాన్సులేట్ సైట్లో ఉంటాయి.

ఇక ఇక్కణ్ణుంచి తెప్పించాల్సినవి. ఓఆర్ఎస్ పొట్లాలు ఊళ్లో కొనిపించు, రూపాయల్లో వస్తాయి. వాంతులవుతున్నప్పుడు కొన్ని షుగరు మాత్రలు, కొన్ని బీపీ మాత్రలు ఆపాలంటారు డాక్టర్లు. వాళ్లు వాడేవాటిలో అవేమిటో, షుగరున్న మనిషి ఓఆర్ఎస్ ఎంత తాగొచ్చో వైజాగ్ డాక్టరు చేతే ఇంగ్లీషులో టైపు చేయించి సంతకం పెట్టించమను. ఆ కాగితం, మాత్రలు, షుగరు చూసుకునే మిషను అన్నీ చేతిసంచిలోనే ఉండాలి. పెద్ద పెట్టె ఎక్కేటప్పుడు ఓడవాళ్ల చేతికిస్తే గదికొచ్చేసరికి ఒక్కోసారి రాత్రవుతుంది. ఆ లోపల షుగరు తేడా చేసి మాత్ర కోసమో స్ట్రిప్పు కోసమో మెడికల్ సెంటర్‌కి పరిగెత్తావా, కార్డు గీయడంతోనే మొదలవుతుంది నీ విహారయాత్ర.