ధర్నాల సంగతి సరే, ఆ రాత్రి స్టేషన్లో మా అమ్మ పక్కన కూర్చున్న మనిషి గురించి చెబుతాను

ప్రశ్న: కుల దాడుల బాధితుల కోసం పనిచేసే సంఘాలకు చందా ఇవ్వాలనుకుంటున్నాను. ధర్నాలు, ఫ్లెక్సీలు కాక అవి నిజంగా చేసేదేమైనా ఉందా?

ఉంది. అన్నీ చేయవు. ఫ్లెక్సీ నిండా తలకాయలు వేయించుకుని, ఏడుస్తున్న మనిషి చేతిలో బియ్యం సంచి పెట్టి, ఫొటో దిగి వెళ్ళిపోయేవాళ్ళు మా ఇంటికే రెండు జట్లు వచ్చారు. బియ్యం మాత్రం మంచివే. నేను చెప్పబోయేది వాళ్ళ గురించి కాదు.

మాది ప్రకాశం జిల్లాలో కాలవ చివరి ఊరు. 2018లో నాన్న రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేశాడు. ఆ సాయంత్రం నీళ్ళ వంతు మాది. పైచేను ఆసామి తూము దగ్గర అడ్డం వేసి తనవైపు మళ్ళించుకున్నాడు. ఇదేంటని అడిగినందుకు పారకర్రతో నాన్న ముంజేయి విరగ్గొట్టారు. కులం పేరెత్తి తిట్టిన తిట్లు నేనిక్కడ రాయను. అన్నం క్యారేజీ తీసుకుని వెళ్ళిన అమ్మ అన్నీ చూసింది, అన్నీ విన్నది.

మర్నాడు నేను హైదరాబాదు నుంచి వచ్చేసరికి నాన్న ఆసుపత్రిలో ఉన్నాడు, అమ్మ పోలీస్ స్టేషన్ అరుగు మీద ఉంది. "నీళ్ళ తగాదా అని రాసివ్వండి, ఇద్దర్నీ పిలిచి మందలిస్తాం" అన్నాడు రైటర్. మేమింకా కాగితం మీద పెన్ను పెట్టకముందే, నాన్నే ముందు కొట్టాడని అవతలివాళ్ళు ఫిర్యాదు ఇచ్చేసి వెళ్ళారు. కౌంటర్ కేసంటే ఇదే. నేను చూసినంతలో ఇది లేని అట్రాసిటీ కేసు, అంటే ఎస్సీ, ఎస్టీల మీద దాడులకు పెట్టే కేసు, లేదు.

రాత్రి పదకొండింటికి పక్క మండలం నుంచి ఒక రిటైరైన తెలుగు మాస్టారు మోపెడ్ మీద వచ్చారు. ఒక చిన్న సంఘంలో ఆయన కార్యకర్త. ఎవరు కబురు చేశారో ఇప్పటికీ తెలియదు. గుడ్డ సంచిలోంచి తెల్ల కాగితాలు, కార్బన్ పేపర్లు, గ్లూకోజ్ బిస్కెట్ల పొట్లం తీశారు. ముందు బిస్కెట్లు అమ్మ చేతిలో పెట్టి, ఆవిడ నాలుగు తినేదాకా ఒక్క ప్రశ్న అడగలేదు.

"ఇప్పుడు చెప్పమ్మా, ఏమన్నాడు?"

"కులం పేరెట్టి తిట్టాడయ్యా."

"అలా కాదు తల్లీ. ఏ మాటన్నాడో ఆ మాటే కావాలి. రేపు కోర్టులో వాళ్ళ లాయరు ఏ పేరెట్టి తిట్టాడని అడుగుతాడు. అప్పుడు చెబితే ఇప్పుడు అల్లావంటాడు."

అమ్మ నేల చూసింది. తర్వాత నా వైపు చూసింది. మాస్టారికి అర్థమైపోయింది. "బాబూ, నువ్వెళ్ళి ఈ ఆధార్ కార్డు రెండు జిరాక్సులు తీయించుకురా" అన్నారు. రాత్రి పదకొండింటికి మా మండలంలో జిరాక్స్ షాపు ఎక్కడ తెరిచి ఉంటుంది? గుమ్మం దాటి గోడ పక్కనే నిలబడ్డాను. లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. తొంగి చూస్తే అమ్మ ఎరువుల కంపెనీ క్యాలెండరున్న గోడవైపు తిరిగి కూర్చుంది. ఆ మాట క్యాలెండరుకు చెప్పింది. మాస్టారు తలెత్తకుండా రాసుకున్నారు.

తర్వాత ఆయన అడిగింది, ఆ మాట ఇంకెవరు విన్నారని. ఆ చీకట్లో తూము దగ్గర ఇంకో ఇద్దరు రైతులున్నారు. వాళ్ళ పేర్లు రాశారు. అంత పట్టుదల ఎందుకో నాకప్పుడు తెలియలేదు. కులం పేరుతో తిట్టినందుకు పెట్టే సెక్షన్ నలుగురూ చూసే చోట తిడితేనే వర్తిస్తుంది. నాలుగు గోడల మధ్య, బయటివాళ్ళెవరూ లేనప్పుడు అన్నమాటకు వర్తించదని 2020లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

"మీరెవరండీ మధ్యలో?" అన్నాడు ఎస్సై. మాస్టారు వాదించలేదు. సంచిలోంచి ఒక పుస్తకం తీసి, 15ఎ సెక్షన్ పేజీ చూపించారు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణలో ఆ సెక్షన్ వచ్చింది, 2016 జనవరి నుంచి అమల్లో ఉంది. బాధితులు స్వచ్ఛంద సంస్థల సాయం తీసుకోవచ్చని అందులో రాసే ఉంది. ఆ పేజీ ఎన్ని స్టేషన్లు తిరిగిందో, చుట్టూ సెల్లోటేపు అంటించి ఉంది.

ఎఫ్ఐఆర్ కాపీ చేతికొచ్చేసరికి తెల్లవారింది.

మీరడిగిన పని ఇదీ. తర్వాత నాలుగేళ్ళూ ఇదే. దర్యాప్తు డీఎస్పీయే చేయాలని, అరవై రోజుల్లో ఛార్జిషీటు పడాలని, తిట్టిన సెక్షన్‌కు లక్ష రూపాయల సాయంలో పాతిక వేలు ఎఫ్ఐఆర్ దశలోనే ఇవ్వాలని ఆయన చెబితేనే మాకు తెలిసింది. ఆ పాతిక వేలు ఏడు నెలలకు వచ్చాయి, అదీ ఆయన కలెక్టరాఫీసు మెట్లు అరగదీస్తే. కోర్టుకు వచ్చే సాక్షులకు బస్సు ఛార్జీలూ ఆ రోజు కూలీ ఇవ్వాలని 1995 నుంచీ రూలుంది. మా లాయరుకే తెలియదు.

2022లో కేసు కొట్టేశారు. తూము దగ్గరున్న ఇద్దరూ ఏమీ వినలేదన్నారు. అందులో ఒకాయన ఆ ఆసామి పొలమే కౌలుకు చేస్తాడు. ఆయన మీద నాకు కోపం లేదు. కొంచెం ఉంది.

ఇక్కడే నా అసలు మంట. ఇలా కొట్టేసిన కేసులన్నీ కలిపి "చూశారా, అన్నీ తప్పుడు కేసులే" అని వాట్సాప్‌లో తిప్పుతుంటారు. అంటే మా నాన్న చెయ్యి దానంతటదే విరిగిందా? చుండూరులో 1991లో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టి 2007లో 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. ఆ ఎనిమిది మందీ కూడా తప్పుడు కేసేనా? కారంచేడు మాకు దగ్గరే. 1985లో అక్కడ దళితుల మీద దాడి మొదలైంది కూడా నీళ్ళ దగ్గరే, మంచినీళ్ళ చెరువు దగ్గర గేదెల్ని కడగొద్దన్నందుకు. బతికినవాళ్ళు చీరాల వచ్చి శిబిరంలో తలదాచుకున్నారు.

మనుషుల బుద్ధి మార్చే పని ఎవరైనా చేస్తారా అంటే, ప్రభుత్వం వైపు నుంచి నెలనెలా 30న పౌరహక్కుల దినమని ఉంది. మా పేటకు ఒకసారి వచ్చారు. షామియానా వేశారు, అందరూ సమానమన్నారు, అధికారులు మాత్రం సీసా నీళ్ళు తెచ్చుకున్నారు. ఆ కార్యక్రమంతో ఒక్కడూ మారడని నేను రాసిస్తాను.

మాస్టారి పద్ధతి వేరు. మా ఊరి టీ హోటల్లో మావాళ్ళకు వేరే గ్లాసులుండేవి. పేపర్ కప్పులొచ్చాక రెండు గ్లాసుల పద్ధతి పోయిందని అందరూ సంతోషించారు. పోయింది గ్లాసు, పద్ధతి కాదు. ఊళ్ళోవాళ్ళకు గాజు గ్లాసులు అలాగే ఉన్నాయి, కప్పులు మాకే. మాస్టారు వారానికోసారి వచ్చి మావాళ్ళను ఇద్దర్ని పక్కన కూర్చోబెట్టుకుని "గాజు గ్లాసులో పొయ్యి నాయనా, కప్పులో వాసనొస్తోంది" అనేవారు. అంతే. ఉపన్యాసం లేదు. ఆరు నెలలకు హోటలాయనే విసుగొచ్చి అందరికీ గాజు గ్లాసులు పెట్టేశాడు. బుద్ధి మారిందో లేదో నాకనవసరం, టీ మాత్రం గాజు గ్లాసులో తాగుతున్నాం.

ఇక మీ చందా సంగతి. మాస్టారి సంఘానికి ఆఫీసు లేదు, రసీదు పుస్తకం ఒకటుంది. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు మోపెడ్‌లో ట్యాంకు నిండా పెట్రోలు కొట్టిస్తానన్నాను. రెండొందలకు చాలు, మిగతావి జిరాక్సులకు ఇమ్మన్నారు.