ఓడ మీద నిద్ర లెక్క, జీతం లెక్క

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది గంజాం జిల్లా, గోపాలపూర్ పక్క పల్లె. వేటే మా బతుకు. మా రెండోవాడు సీడీసీ (నావికుల గుర్తింపు పుస్తకం) తీసుకుని, పనామాలో రిజిస్టరై ఆ దేశం జెండా ఉన్న సరుకు ఓడలో ఓఎస్‌గా, అంటే డెక్ మీద కింది స్థాయి నావికుడిగా ఎక్కి 7 నెలలైంది. విశాఖలో ఏజెంటుకి 2,80,000 రూపాయలు ఇచ్చాం. రసీదు లేదు, సగం ఫోన్‌పేలో పంపాం. 3 నెలలుగా జీతం రాలేదు. ఓడ గల్ఫ్‌లో లంగరేసి ఉంది. రోజుకి 16 గంటలు పని చేయించి, 10 గంటలు పడుకున్నట్టు పుస్తకంలో సంతకం పెట్టమంటున్నారట. వచ్చేస్తానని ఏడుస్తున్నాడు. వలకెళ్తే మేమూ రాత్రంతా నిద్రపోం, నిద్రకి కూడా చట్టం ఉంటుందా? బరంపురం కోర్టులో కేసు వేయొచ్చా?

జవాబు: ఉంటుందండీ. మీ వేట పడవలకి వర్తించదు, అది వేరే బాధ. సరుకు ఓడలకి మాత్రం 2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందం ఉంది. ఓడల వాళ్ళు ఎమ్మెల్సీ అంటారు. పనామా దీన్ని ఒప్పుకుంది, మన దేశం 2015లో ఒప్పుకుంది. ఏ 24 గంటలు తీసుకున్నా కనీసం 10 గంటలు, ఏ 7 రోజులు తీసుకున్నా కనీసం 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. ఆ 10 గంటల్ని రెండు ముక్కలకి మించి చేయకూడదు, అందులో ఒకటి 6 గంటలకి తగ్గకూడదు. విశ్రాంతి బదులు పని గంటలకి పరిమితి పెట్టిన దేశాల ఓడల్లో అయితే రోజుకి 14, వారానికి 72 దాటకూడదు. ఎటు నుంచి లెక్కేసినా 16 తప్పే. ఓడకో మనుషులకో గండం వస్తే కెప్టెన్ అందర్నీ లేపొచ్చు, గడిచాక ఆ విశ్రాంతి తిరిగి ఇవ్వాలి. లంగరేసిన ఓడకి మూడు నెలలూ గండమేనంటే ఎవరు నమ్ముతారు?

జీతం సంగతి కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ సంతకం. రేపు కునుకుపాటులో చెయ్యి నలిగినా, వాచ్‌లో, అంటే కాపలా డ్యూటీలో ఏదైనా జరిగినా ముందు తెరిచేది ఆ పుస్తకమే. కడుపునిండా నిద్రపోయానని మీవాడే రాసిచ్చినట్టు అవుతుంది. అలాగని నడిసముద్రంలో ఒంటరిగా ఉన్న కుర్రాణ్ణి కెప్టెన్ తర్వాతి అధికారి చీఫ్ మేట్‌తో గొడవ పెట్టుకోమని నేను చెప్పను. సొంత నోటుబుక్కులో ఏ రోజుకా రోజు తేదీ, పనిలోకి దిగిన టైము, వదిలిన టైము, ఏం పని చేశాడో రాయమనండి. విశ్రాంతి రికార్డు నకలు నావికుడికి ఇవ్వాలని ఆ ఒప్పందంలోనే ఉంది, అడగమనండి. ఇవ్వకపోతే ఆ పేజీలు, గోడకి అంటించిన డ్యూటీ పట్టిక ఫోటోలు తీసి మీకు వాట్సాప్ చేయమనండి. అతని ఫోను సముద్రంలో పడొచ్చు, మీ దగ్గరున్నది పడదు.

ఇక జీతం. కనీసం 2 నెలలు జీతం ఎగ్గొట్టి యజమాని తెగతెంపులు చేసుకుంటే నావికుణ్ణి వదిలేసినట్టే లెక్క. ఇలాంటి గతి పడితే ఆదుకోవడానికి ప్రతి ఓడకీ ముందే బీమా పూచీ ఉండాలి, దాని పత్రం అందరికీ కనబడేచోట అంటించాలి. బాకీ జీతం, ఇంటికి చేరే ఖర్చు, చేరేదాకా తిండి, నీళ్ళు, వైద్యం ఆ పూచీ ఇచ్చిన సంస్థ భరించాలి. నావికుడే నేరుగా అడగొచ్చు. కానీ జీతం 4 నెలల వరకే ఇస్తుంది. మీవాడికి 3 నిండాయి. "వచ్చే నెల ఇస్తాం" అనే మాట నమ్మి ఆరేడు నెలలు గడిపేస్తే పై నెలల బాకీకి ఓడ వెంట పడాలి. ఆ పత్రం ఫోటో, ఉద్యోగ ఒప్పందం, ఓడ గుర్తింపు నంబరైన ఐఎంఓ నంబరు కలిపి ముంబైలోని డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్‌కి, ఓడ ఉన్న దేశంలోని మన రాయబార కార్యాలయానికి, ఐటీఎఫ్ అనే అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్యకి ఒకేసారి ఈమెయిల్ పంపండి.

టికెట్టు ఎర చూపి "నా బాకీలన్నీ ముట్టాయి" అనే కాగితం ముందు పెడతారు. దానిమీద సంతకం పెట్టి మాత్రం దిగొద్దు.

ఓడని పట్టించడానికి బరంపురం కోర్టు పనికిరాదు. ఓడల తగాదాలకి ఉన్న 2017 అడ్మిరాలిటీ చట్టం ప్రకారం అది హైకోర్టు పని, అదీ ఓడ మన జలాల్లోకి వస్తేనే. గోపాలపూర్‌కో పారాదీప్‌కో వస్తే కటక్‌లోని ఒరిస్సా హైకోర్టు, విశాఖకి వస్తే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఓడని కదలకుండా ఆపించగలవు. జీతం బాకీ ఓడ మీదే ఉంటుంది. యజమాని అమ్మేసినా, జెండా మార్చినా 2 ఏళ్ళ దాకా దాన్ని వదలదు. రంగు మార్చి కొత్త పేరు రాసినంత మాత్రాన పక్కూరి పడవని మీరు పోల్చుకోలేరా? ఓడకి ఆ ఆనవాలు 7 అంకెల ఐఎంఓ నంబరు, అది మారదు.

ఏజెంటుది మాత్రం మన ఊళ్ళోనే తేల్చుకోవచ్చు. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర పైసా తీసుకోకూడదు. పాస్‌పోర్టు, సీడీసీ, మెడికల్ ఖర్చులే మనవి. అతనికి ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు, అంటే నావికుల్ని ఉద్యోగాల్లో పెట్టే అనుమతి ఉందేమో డైరెక్టరేట్ జాబితాలో చూడండి. ఉంటే అక్కడే ఫిర్యాదు చేయండి. లేని లైసెన్సు ఉందని నమ్మించాడంటే అది మోసం, భారతీయ న్యాయ సంహిత 318(4) కింద 7 ఏళ్ళ వరకు జైలు. డబ్బు వెళ్ళింది విశాఖకి కదా, అక్కడికే పొమ్మని మీ స్టేషన్‌లో తిప్పితే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి. నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా సమాచారం తీసుకోవాల్సిందే. ఫిర్యాదు ఒడియాలో రాయించుకుని వెళ్ళండి, తెలుగులో ఇస్తే అనువాదం పేరుతో రెండు రోజులు పోతాయి. రసీదు లేదని దిగులు వద్దు, ఫోన్‌పే వివరాలు బ్యాంకులో ప్రింటు తీయించండి. చేతికిచ్చిన సగానికి పక్కనున్న వాళ్ళెవరో గుర్తు తెచ్చుకోండి.

ఈ రాత్రి ఫోను కలిస్తే మొదట ఐఎంఓ నంబరు అడిగి రాసుకోండి. ఏడుపు, ఓదార్పు తర్వాత. లంగరు దగ్గర సిగ్నల్ ఎప్పుడు పోతుందో తెలీదు.