పేకాట ప్రశ్నలు: ఆసుల జత ఎందుకు ఓడింది?

ప్రశ్న: సంక్రాంతికి కలిసిన బంధువులం డబ్బు లేకుండా, చింతపిక్కలతో పాట్-లిమిట్ ఒమాహా (చేతికి నాలుగు ముక్కలు, బల్లమీద అందరికీ కలిపి ఐదు; ఒకసారికి మధ్యలో ఉన్నంత మేరకే పెంచగల పోకర్ ఆట) ఆడాం. నాకు ఇస్పేటు, డైమను ఆసులు, కళావరు 7, ఆఠీను 2 వచ్చాయి. పెంచాను, మా బావగారు ఒక్కరే నిలిచారు. ఫ్లాప్‌లో (బల్లమీద మొదట పరిచే మూడు ముక్కల్లో) ఆఠీను 10, ఆఠీను 9, కళావరు 4 పడ్డాయి. మధ్యలో 60 పిక్కలుండగా ఆయన 60 వేశారు, నేను 240కి పెంచాను, చివరకు చెరొక 500 లోపలికి వెళ్లాయి. ఆయన చేతిలో ఆఠీను రాణి, ఆఠీను జాకీ, ఇస్పేటు 8, ఇస్పేటు 7 ఉన్నాయి. టర్న్‌లో (బల్లమీద నాలుగో ముక్కగా) డైమను 6 పడటంతో ఓడిపోయాను. ఇది దురదృష్టమేనా? ఇకపై ఆసులను నమ్మకూడదా?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: దురదృష్టమని నేను అనను. పిక్కలన్నీ మధ్యలోకి వెళ్లే సమయానికి మీ చేయే పెద్దది, ఎందుకంటే బావగారికి అప్పటికి జత కూడా లేదు. అయినా గెలిచే అవకాశం ఆయనకే ఎక్కువ. చేతిలోని నాలుగింటిలో కచ్చితంగా రెండు, బల్లమీద మూడు వాడాలన్నది ఒమాహా నియమం కాబట్టి ప్రతి చేతిలోనూ ఆరు జోడీలుంటాయి. మీ ఆరింటిలో పనికొచ్చింది ఆసుల జోడీ ఒక్కటే కాగా, ఆయన ఆరింటిలో ఐదు స్ట్రెయిట్‌కు (వరుసగా వచ్చే ఐదు ముక్కలకు) దారితీస్తున్నాయి.

ముక్కలు లెక్కపెట్టండి. మీ ఇద్దరివీ, ఫ్లాప్‌వీ తీసేస్తే మిగిలినవి 41. వాటిలో రాజులు 4, రాణులు 3, జాకీలు 3, ఎనిమిదులు 3, ఏడులు 2, ఆరులు 4, మొత్తం 19 ముక్కలు ఆయనకు స్ట్రెయిట్ ఇస్తాయి. వాటిలో చేరని ఆఠీనులు మరో 4 ఫ్లష్ (ఒకే గుర్తు ముక్కలు ఐదు) ఇస్తాయి. అంటే 23. టర్న్, రివర్ (ఐదో, చివరి ముక్క) రెండింటిలోనూ వీటిలో ఒక్కటీ పడకుండా ఉండే అవకాశం నూటికి 19 కన్నా తక్కువ. అప్పుడప్పుడు మీకు ఫుల్ హౌస్ (ఒకే విలువవి మూడు, మరో విలువవి రెండు) వచ్చి ఆయన ఫ్లష్‌ను మించవచ్చు గానీ, అది ఈ తేడాను పూడ్చదు.

ఆయన ముక్కలు మీకు ముందే ఎలా తెలుస్తాయని మీరు అడగవచ్చు. తెలియనక్కర్లేదు. ముందే పెంచి మంచి చేయి ఉందని చాటుకున్న మీ మీదికి, 10, 9, రెండు ఆఠీనులు ఉన్న ఫ్లాప్‌లో, మధ్యలో ఉన్నంతా వేసే మనిషి దగ్గర మూడు పదులో, రెండు జతలో, ఇలా పెద్ద వరుసకు దారితీసే ముక్కలో ఉంటాయి. మొదటి రెండింటికి మీరు అప్పటికే వెనుకబడ్డారు, మూడోదానికి వెనుకబడబోతున్నారు. 240కి పెంచడం నిబంధన ప్రకారం సరైనదే: ఆయన 60కి సమానం చేస్తే మధ్యలో 180 అవుతుంది, ఆపైన మరో 180 వరకు పెంచవచ్చు. గరిష్ఠంగా వేయగలిగినంత మాత్రాన వేయాలని లేదు. చేతిలో 60, 70 పిక్కలే మిగిలి ఉంటే నేనూ లోపలికి వెళ్లమనేవాణ్ణి. మధ్యలో ఉన్నదానికి ఎనిమిది రెట్లు చేతిలో ఉన్నప్పుడు, తోడులేని ఆసుల జతను అక్కడ వదిలేయడమే మంచిది.

ఓడిన ఆటను రాసిపెట్టుకునేటప్పుడు టర్న్, రివర్ ముక్కలు రాయకండి. డైమను 6 కళ్ల ముందుంటే ఆలోచనంతా దానిమీదకే పోతుంది, అసలు తప్పు ఫ్లాప్‌లో జరిగింది. (ఆన్‌లైన్‌లో డబ్బు ఆటలను రాష్ట్రం 2020లో, కేంద్రం 2025లో నిషేధించాయి కనుక సాధనకు మీ చింతపిక్కలే మేలు.)

ఇక ఆసులను మానుకోనక్కర్లేదు. అవే గుర్తుల జాకీ, 10 తోడుగా వచ్చిన ఆసుల జత ఒమాహాలోని అత్యుత్తమ చేతుల్లో ఒకటి, ఎందుకంటే దానికి రెండు గుర్తుల్లో ఫ్లష్, పైన స్ట్రెయిట్ కూడా రావచ్చు. మీకు వచ్చినవి నాలుగూ నాలుగు గుర్తులు, పైగా 7, 2 దేనితోనూ కలవవు. అటువంటి చేతితో మొదట పెంచినా ఫరవాలేదు, కానీ ఫ్లాప్‌లో మూడో ఆసు పడనప్పుడు ఎదుటివారు గట్టిగా వేస్తే ముక్కలు పడేయండి.