మేనేజర్లకు కోచింగ్ ఇస్తానంటోంది మా అమ్మాయి

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి ఎంబీఏ హెచ్‌ఆర్ చేసి, రెండేళ్లుగా పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో పనిచేస్తోంది. ఇప్పుడది మానేసి ‘ఇన్‌క్లూజివ్ లీడర్‌షిప్ కోచ్’ అవుతుందట. ఆన్‌లైన్ కోర్సుకు లక్షన్నర కట్టమంటోంది. తల పండిన మేనేజర్లు పాతికేళ్ల పిల్ల మాట వింటారా? సంబంధాలు కూడా చూస్తున్నాం. అడిగితే ఏం ఉద్యోగమని చెప్పుకోవాలి?

జవాబు: ముందు మీ చివరి ప్రశ్న తేల్చేద్దాం. హెచ్‌ఆర్‌లో చేస్తోందని చెప్పండి. అది అబద్ధం కాదు, ఇంకో ఐదారేళ్లు అదే నిజంగా ఉంటే ఆమెకే మంచిది. ఉద్యోగం మానొద్దు, లక్షన్నర ఇప్పుడే కట్టొద్దు. అలాగని మీ అమ్మాయిది గాలిమేడ అనుకోకండి.

ఆడవాళ్లు, వికలాంగులు, గిరిజనులు అని తేడా లేకుండా అందరికీ అవకాశమిచ్చి నడిపించడం మేనేజర్లకు అలవాటు చేయడమే ఈ కోచ్ పని. అదెలా ఉంటుందో చెబుతాను. ఒక ప్లాంట్ హెడ్ ఉన్నాడనుకోండి. ‘మా దగ్గర ఆడ, మగ తేడా లేదు, సూపర్‌వైజర్ పోస్టుకు తగ్గ ఆడపిల్లలే దొరకడం లేదు’ అంటాడు. ఆయన మంచివాడే, మాట కూడా మనసులోంచి వచ్చిందే. కోచ్ ఉపన్యాసం ఇవ్వదు. కిందటిసారి ప్రమోషన్ ఎవరికిచ్చారు, ఏం చూసి ఇచ్చారు అని అడుగుతుంది. నైట్ షిఫ్టులో లైన్ నడిపిన అనుభవం చూశామంటాడు. మరి ఆడవాళ్లకు నైట్ షిఫ్ట్ వేశారా? లేదు, రాత్రిపూట బస్సు లేదు. అంటే బస్సు లేక షిఫ్ట్ లేదు, షిఫ్ట్ లేక అనుభవం లేదు, అనుభవం లేక ప్రమోషన్ లేదు. ఆ ముడి ఆయన చేతే విప్పించాలి. బస్సు వేస్తాడో, ప్రమోషన్‌కు పెట్టిన ఆ షరతే మారుస్తాడో ఆయన ఇష్టం. కొన్ని నెలల తర్వాత మళ్లీ కూర్చుని, ఏం మారిందో లెక్క అడగాలి.

మన జిల్లాల్లో ఇలాంటి ముడులకు కొదవలేదు. సీతంపేట వైపు నుంచి వచ్చిన సవర కుర్రాడు పని బాగా చేస్తాడు, మీటింగులో నోరు విప్పడు. ఫైల్లో ‘కమ్యూనికేషన్ వీక్’ అని రాసేస్తారు. పలాసలో జీడిపిక్కలు కొట్టేది, పప్పు ఒలిచేది ఎక్కువగా ఆడవాళ్లే. యజమాని పక్కన కుర్చీలో వాళ్లెంతమంది కనిపిస్తారు? ఇక హైదరాబాద్ వెళ్లి మన యాసలో నాలుగు మాటలు మాట్లాడితే పక్కవాళ్లు ముసిముసిగా నవ్వడం మీ అమ్మాయికి ఎవరూ చెప్పక్కర్లేదు. నా దృష్టిలో అది కూడా ఈ వృత్తికి అర్హతే.

డిమాండ్ సంగతికి వస్తే, చట్టాలు ఎలాగూ ఉన్నాయి. 2013 చట్టం ప్రకారం పది మంది, అంతకుమించి ఉద్యోగులున్న ప్రతి సంస్థలో లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. అందులో కనీసం సగం మంది మహిళలు, బయటి సభ్యులు ఒకరు తప్పనిసరి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, సంస్థలు సమాన అవకాశాల విధానం ప్రకటించాలంది. ప్రసూతి సెలవును 2017లో 26 వారాలకు పెంచారు. కాగితం మీద సంతకం హెచ్‌ఆర్ పెట్టించగలదు, మనిషి తీరు మార్చడానికే కోచ్ కావాలి. కానీ ఇందులో నిలకడ తక్కువ. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం తన శాఖల్లో అందరినీ కలుపుకుపోయేందుకు పెట్టిన ఇలాంటి కార్యక్రమాలు ఎత్తేసింది, అక్కడి పెద్ద కంపెనీలు కొన్ని కూడా వెనక్కి తగ్గాయి. కాబట్టి దీనొక్కదాన్నే నమ్ముకోవడం మంచిది కాదు. జీతాలు, ప్రమోషన్లు, కార్మిక చట్టాలు క్షుణ్ణంగా తెలిసిన హెచ్‌ఆర్ మనిషికి కోచింగ్ కూడా వస్తే గిరాకీ వేరు.

అందుకే ఇప్పుడున్న చోటే ఆమె చేయాల్సిన పని చాలా ఉంది. అంతర్గత కమిటీ పనిలో చేరమనండి. షిఫ్ట్ చార్టులు, ఇంక్రిమెంట్ జాబితాలు ఎవరు ఎలా తయారుచేస్తున్నారో దగ్గరుండి చూడమనండి. వీలైతే ఒక ఏడాది హెచ్‌ఆర్ గది వదిలి ప్రొడక్షన్ వైపు పనిచేస్తే ఇంకా మేలు. అక్కడ చెమటోడ్చినవాళ్ల మాటకు ప్లాంట్ హెడ్ తలెత్తి చూస్తాడు.

డిగ్రీలో ఉండి ఇది చదువుతున్న పిల్లలకు ఒక్క మాట: ఐసెట్ రాసి ఎచ్చెర్ల అంబేద్కర్ విశ్వవిద్యాలయంలో ఎంబీఏ చేసినా దారి ఇదే. జంషెడ్‌పూర్ ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐలో హెచ్‌ఆర్ సీటుకు గ్జాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఫీజు మాత్రం భారీ.

ఇక ఆ కోర్సు. కోచ్‌లకు అంతర్జాతీయంగా పేరున్న గుర్తింపు ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్‌ది. దాని మొదటి మెట్టు ఏసీసీ అనే సర్టిఫికెట్‌కు 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం, 10 గంటల మెంటర్ కోచింగ్ (అంటే అనుభవమున్న కోచ్ దగ్గర తన పని దిద్దించుకోవడం) కావాలి. పరీక్ష కూడా ఉంటుంది. లక్షన్నర అడుగుతున్న సంస్థకు ఫోన్ చేసి, మీ కోర్సుకు ఆ ఫెడరేషన్ గుర్తింపు ఉందా, మెంటర్ గంటలు ఫీజులోనే కలిపారా, మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారు అని మీరే అడగండి. జవాబు వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఇవ్వకపోతే ఆ డబ్బు బ్యాంకులోనే ఉంచండి.