బీపీ ప్రాజెక్టుకి విస్టార్ ఎలుకలా, స్ప్రేగ్ డాలీనా?

మొక్క సారంతో బీపీ తగ్గుతుందేమో చూడటం మీ ఎం.ఫార్మ్ ప్రాజెక్టు, గైడ్ విస్టార్ అంటే సీనియర్లు స్ప్రేగ్ డాలీ అంటున్నారు, ఏది తీసుకోవాలని అడిగారు. పీహెచ్‌డీ కోసం ఏళ్లపాటు యానిమల్ హౌస్‌లో పనిచేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను. ఆ రెండింటిలో ఏదైనా ఫర్వాలేదు. ముందు తేల్చుకోవాల్సింది ఎలుకకి బీపీ ఎలా వస్తుందన్నది.

విస్టార్ 1906లో ఫిలడెల్ఫియాలో, స్ప్రేగ్ డాలీ 1925లో విస్కాన్సిన్‌లో మొదలయ్యాయి. రెండూ ఔట్‌బ్రెడ్, అంటే దగ్గరి బంధువులను జతకట్టించకుండా పెంచేవి. వాటికి బీపీ మనమే తెప్పించాలి. తాగే నీళ్లలో ఎల్-నేమ్ అనే రసాయనం కలిపి ఇస్తే, రక్తనాళాలను వదులుగా ఉంచే నైట్రిక్ ఆక్సైడ్ తయారీ తగ్గి, రక్తనాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది. ఖర్చు తక్కువే కానీ, వేరే దారిలో పనిచేసే మందు గుణం ఇందులో సరిగా బయటపడకపోవచ్చు.

బడ్జెట్ ఉంటే నా ఓటు ఎస్‌హెచ్‌ఆర్ (స్పాంటేనియస్లీ హైపర్‌టెన్సివ్ ర్యాట్) ఎలుకకే. క్యోటోలో ఒకామోటో, ఆవోకి అనే శాస్త్రవేత్తలు బీపీ ఎక్కువున్న ఎలుకలనే తరతరాలుగా జతకట్టించి తయారుచేసిన రకమిది, 1963లో ప్రకటించారు. ఏ మందూ ఇవ్వకుండానే, వయసు పెరిగేకొద్దీ దానంతటదే బీపీ వస్తుంది. ఉప్పు, కిడ్నీల కోణంలో చూడాలనుకుంటే ఉప్పు తింటే బీపీ పెరిగే డాల్ ఎలుకలున్నాయి, అవి స్ప్రేగ్ డాలీ నుంచి వచ్చినవే.

ఎస్‌హెచ్‌ఆర్‌కి కంట్రోల్‌గా, అంటే పోల్చి చూసుకోవడానికి, మామూలు బీపీ ఉండే డబ్ల్యూకేవై (విస్టార్ క్యోటో) ఎలుకలను పెడతారు. ఇక్కడ చాలా జాగ్రత్తగా ఉండాలి. ఇన్‌బ్రెడ్ అనాలంటే తోబుట్టువులనే కనీసం 20 తరాలు వరసగా జతకట్టించాలి. డబ్ల్యూకేవైని అది పూర్తికాకముందే వేర్వేరు బ్రీడర్లకు పంచేశారు. అందుకే పేరొకటే అయినా ఒక చోటివాటికీ మరో చోటివాటికీ జన్యువుల్లో తేడాలున్నాయి. మా ల్యాబ్‌లో ఒక ప్రాజెక్టు మధ్యలో బ్రీడర్ మారితే కంట్రోల్ ఎలుకల బరువు, బీపీ రెండూ పాత బ్యాచ్‌తో కలవలేదు. పాత డేటా పక్కన పెట్టేయాల్సి వచ్చింది. అన్ని ప్రాణాలు అలా వృథా అయినందుకు నాకిప్పటికీ బాధగానే ఉంటుంది.

విస్టార్‌కీ ఇదే వర్తిస్తుంది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలోని డబ్ల్యూఎన్ఐఎన్ ఎలుకలు 1920 నుంచి బయటి రక్తం కలవకుండా పెంచుతున్న విస్టార్ సంతతి. వేరే దేశపు విస్టార్ విలువలతో వాటిని పోల్చకండి.

ఏ రకమైనా ఒకే బ్రీడర్ దగ్గర, ఒకే వయసువి, మొత్తం ప్రాజెక్టుకి సరిపడా దొరుకుతాయో లేదో కనుక్కున్నాకే ఎథిక్స్ కమిటీ ఫారం నింపండి. ఎలుకని కదలకుండా ఒక గొట్టంలో ఉంచి, తోకకి కఫ్ (పట్టీ) చుట్టి బీపీ తీస్తారు కాబట్టి, రీడింగ్ మొదలుపెట్టే ముందు కొన్ని రోజులు వాటిని ఆ గొట్టానికి అలవాటు చేయండి. టెన్షన్ పడితే వాటికీ బీపీ పెరుగుతుంది.